చేతికీ రెక్కకూ నడుమ పావు సెకను

1977 అక్టోబరు 26వ తేదీ. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో, ఎడారి నడుమ పరచిన 15,000 అడుగుల కాంక్రీటు పరుగుబాట పక్కన ప్రేక్షకులు గుమిగూడి ఉన్నారు. వారిలో ఆనాటి బ్రిటిష్ యువరాజు చార్లెస్ కూడా ఉన్నాడు. అందరి చూపులూ ఆకాశం మీదనే. బోయింగ్ 747 విమానపు వీపు మీద నుంచి విడివడిన 'ఎంటర్‌ప్రైజ్' అనే వ్యోమనౌక, ఇంజను సహాయమేమీ లేకుండా, గాలిలో జారుతూ నేలవైపు వస్తున్నది. అంతరిక్షానికి పోయి తిరిగివచ్చే స్పేస్ షటిల్ నౌకలకు అది నమూనా. అది అంతకుముందు నాలుగుసార్లు ఎండిన సరస్సు నేలమీద సుఖంగా దిగింది. కాంక్రీటు బాటమీద, నిర్ణయించిన చోటనే దిగడం మాత్రం ఇదే మొదటిసారి.

నియంత్రణ దండం పట్టుకొని కూర్చున్నవాడు సామాన్యుడు కాడు. అపోలో 13 ప్రమాదంలో మృత్యుముఖం నుంచి తిరిగివచ్చిన ముగ్గురిలో ఒకడైన ఫ్రెడ్ హేజ్. పక్కన గోర్డన్ ఫుల్లర్టన్. ఇద్దరూ ఆరితేరిన పరీక్షా వైమానికులు. నౌక కొంచెం ఎక్కువ వేగంతో వస్తున్నది. గుర్తు పెట్టిన చోటు దాటిపోకూడదని హేజ్ దండాన్ని ముందుకూ వెనుకకూ సరిదిద్దసాగాడు. నౌక ముక్కు పైకి లేచింది, కిందికి వాలింది, మళ్ళీ లేచింది. చక్రాలు నేలను తాకాయి. నౌక మళ్ళీ ఎగిరింది. ఒక పక్కకు ఒరిగి, వెంటనే మరొక పక్కకు ఒరిగింది. హేజ్ దిద్దినకొద్దీ ఊపు పెరిగిందే గాని తగ్గలేదు. చివరకు ఆయన దండంమీద పట్టు సడలించాడు. ఊగిసలాట అణగిపోయింది. నౌక మరొకసారి నేలను తాకి, నెమ్మదిగా పరుగెత్తి ఆగింది. ఎవరికీ గాయమైనా కాలేదు.

ప్రేక్షకులు చప్పట్లు కొట్టి ఉండవచ్చును. కాని ఇంజనీర్లకు ఆ కొద్ది సెకన్లు నిద్ర పట్టనివ్వలేదు. రెక్కలు విరగలేదు, యంత్రం చెడలేదు, గాలి వీచలేదు, వైమానికుడు పొరపాటు చేయలేదు. అయినా నౌక ఎందుకు తిరగబడింది? వారు వెదకి పట్టుకొన్న దోషి కంటికి కనిపించేది కాదు. దండం కదలడానికీ, నౌక ఆ కదలికకు బదులు పలకడానికీ మధ్య జారిపోయిన సుమారు పావు సెకను కాలమే ఆ దోషి.

అట్లతద్ది ఉయ్యాల చెప్పే పాఠం

పావు సెకను ఆలస్యం ఇంత పని చేయగలదా అని పాఠకులకు సందేహం కలగవచ్చును. దీనిని గ్రహించడానికి అట్లతద్దినాటి ఉయ్యాల చాలును.

ఉయ్యాల ముందుకు పోతున్నప్పుడు వెనుక నుంచి తోస్తే ఊపు పెరుగుతుంది. అది మనవైపు వస్తున్నప్పుడు ఎదురు తోపు ఇస్తే ఊపు తగ్గుతుంది. రెండు సందర్భాలలోను తోసే చేయి ఒకటే, బలమూ ఒకటే. తేడా అంతా ఏ క్షణాన తోశామన్నదానిలోనే ఉన్నది. ఇప్పుడు ఉయ్యాలను ఆపదలచిన మనిషి కళ్ళకు గంతలు కట్టి, పక్కనున్నవాడు "వస్తున్నది, తొయ్యి" అని చెప్పేటట్లు ఏర్పాటు చేశామనుకోండి. చెప్పేవాడు కొంచెం ఆలస్యంగా చెప్పాడు. ఆ మాట విని ఇతడు తోసేసరికి ఉయ్యాల వెనుదిరిగి అవతలికి పోతున్నది. ఆపవలసిన తోపు ఊపును పెంచింది. ఊపు పెరిగిందని కంగారుపడి ఇతడు మరింత బలంగా తోస్తాడు. అదీ ఆలస్యమే. ఊపు ఇంకా పెరుగుతుంది. అతడు ఎంత శ్రద్ధగా ఆపాలని చూస్తే అంత ఉద్ధృతంగా ఉయ్యాల ఊగుతుంది.

వైమానికుడి స్థితి సరిగా ఇటువంటిదే. ముక్కు పైకి లేస్తున్నదని చూసి అతడు దండాన్ని ముందుకు నెడతాడు. ఫలితం వెంటనే కనిపించదు. చాలలేదేమోనని ఇంకొంచెం నెడతాడు. అంతలో మొదటి తోపూ రెండవ తోపూ కలిసి పనిచేస్తాయి. ముక్కు అనుకొన్నదానికన్న కిందికి వాలిపోతుంది. ఇప్పుడు వెనుకకు లాగాలి. ఆ లాగుడూ ఆలస్యంగానే అందుతుంది. ఒక పూర్తి ఊపుకు పట్టే కాలంలో సగం మేరకు వెనుకబడితే చాలు, ప్రతి సవరణా సరిగ్గా వ్యతిరేక ఫలితాన్ని ఇస్తుంది. యంత్రం పలకడంలోని జాప్యానికి మనిషి కన్ను చూసి చేయి కదలడానికి పట్టే కాలం కూడా తోడవుతుంది. అది సుమారు సెకనులో ఐదవ వంతు. ఈ రెండూ కలిసినప్పుడు నిమిషానికి కొద్దిసార్లు ఊగే మందగమన విమానం ఓర్చుకోవచ్చును గాని, సెకను రెండు సెకన్లకు ఒక ఊపు ఊగే చురుకైన విమానం ఓర్చుకోలేదు.

ఇందులో మరొక విచిత్రమున్నది. ఆకాశంలో వేల అడుగుల ఎత్తున తీరికగా పోతున్నంతసేపూ ఈ లోపం బయటపడదు. అక్కడ వైమానికుడు దండాన్ని సున్నితంగా కదుపుతాడు. పర్యవసానం కొంచెం అటూ ఇటూ అయినా పట్టించుకోడు. నేల దగ్గరపడి, గీత మీద చక్రం ఆనించవలసి వచ్చినప్పుడో, మరొక విమానం తోకను ఆనుకొని ఎగరవలసి వచ్చినప్పుడో అతని పట్టు బిగుస్తుంది, చేయి చురుకవుతుంది. అంతవరకు నిద్రిస్తున్న లోపం అప్పుడే మేల్కొంటుంది. తప్పించుకొనే వ్యవధి లేని చోటనే అది కాటువేస్తుంది.

గంటల కొలతలో అదే ధర్మం

సెకనులో నాలుగవ వంతులో జరిగిపోయేదానిని మనం కంటితో పట్టుకోలేము. అదే ధర్మం గంటల కొలతలో నడిచే చోట దానిని నిదానంగా పరిశీలించవచ్చును. అందుకు మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. అది గుజరాత్‌లోని సూరత్ నగరం.

పట్టుచీరలకూ వజ్రాల సానకూ పేరుపొందిన ఆ నగరంలో తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్ళిన నేతపనివారు వేల సంఖ్యలో ఉన్నారు. పడుగునూలు తెగిన క్షణాన మరమగ్గం ఆగకపోతే ఏమవుతుందో వారికి వేరే చెప్పనక్కరలేదు. అయితే మగ్గం ఆలస్యంగా ఆగితే చెడేది కొద్ది గుడ్డ మాత్రమే. ఆ నగరం పక్కన ప్రవహించే తాపీ నదిని అదుపు చేయడంలో జాప్యం జరిగితే చెడేది నగరమే.

మధ్యప్రదేశ్‌లోని ముల్తాయి దగ్గర పుట్టిన తాపీ, మహారాష్ట్ర మీదుగా పారి, సూరత్ దాటి అరేబియా సముద్రంలో కలుస్తుంది. నగరానికి సుమారు 100 కిలోమీటర్ల ఎగువన 1972లో ఉకాయి ఆనకట్ట పూర్తయింది. దానికి ఎగువన నీటిని పోగుచేసే పరీవాహక ప్రాంతం 62,000 చదరపు కిలోమీటర్ల పైమాట. ఆనకట్ట తలుపుల దగ్గర నిలబడిన అధికారిని వైమానికునితో పోల్చి చూడండి. అతని చేతిలోని దండం ఆ తలుపులే. ఎగువన ఎక్కడో కురిసిన వాన జలాశయాన్ని చేరడానికి కొంత వ్యవధి పడుతుంది. అది మొదటి జాప్యం. తలుపులెత్తి వదిలిన నీరు నగరాన్ని చేరడానికి మరికొన్ని గంటలు పడుతుంది. అది రెండవ జాప్యం. తలుపులు ముందుగానే ఎత్తితే, వాన అనుకొన్నంత రాకపోతే, పంటలకూ విద్యుత్తుకూ దాచవలసిన నీరు సముద్రం పాలవుతుంది. ఎత్తకుండా ఆగితే, నిండిన జలాశయంలోకి వరద వచ్చి పడినప్పుడు, తన ఇష్టంతో ప్రసక్తి లేకుండా ఒక్కపెట్టున వదలవలసి వస్తుంది.

2006 ఆగస్టు రెండవ వారంలో జరిగినది ఇదే. ఎగువన భారీ వర్షాలు కురిశాయి. అప్పటికే నీటితో ఉన్న జలాశయంలోకి ప్రవాహం ముంచుకొచ్చింది. ఉకాయి నుంచి వదిలిన నీరు ఒక దశలో సెకనుకు సుమారు 9 లక్షల ఘనపుటడుగులకు చేరింది. సూరత్‌లో అధికభాగం మునిగిపోయింది. మేడమీది అంతస్తులలో జనం రోజుల తరబడి చిక్కుకొన్నారు. తప్పు ప్రకృతిదా, జలాశయ నిర్వహణదా అన్న వాదం చాలాకాలం సాగింది. ఆ తీర్పు మన ప్రసక్తి కాదు. మనం గమనించవలసినది ఒక్కటే. ఒకసారి వదిలిన నీటిని వెనుకకు పిలవలేము. నగరంలో నీటిమట్టం పెరగడం చూసి ఆనకట్ట తలుపులు దించినా, అంతకుముందే బయలుదేరిన వరద గంటల తరబడి వస్తూనే ఉంటుంది.

ఆ అనుభవం నుంచి నగరం నేర్చుకొన్న పాఠం కూడా గమనింపదగినది. తరువాతి సంవత్సరాలలో సూరత్ క్లైమేట్ చేంజ్ ట్రస్టు ఆధ్వర్యాన, ఎగువ వర్షపాతాన్ని బట్టి జలాశయంలోకి రానున్న నీటిని ముందుగా లెక్కగట్టే హెచ్చరిక వ్యవస్థ ఒకటి రూపొందింది. నది నడకను వేగిరపరచడం ఎవరితరమూ కాదు. కాబట్టి జాప్యాన్ని తొలగించలేని చోట, ఆ జాప్యమంత ముందుకు చూడగలగాలి. విమాన నిర్మాతలు కూడా ఇటువంటి నిర్ణయానికే వచ్చారు. వారి దగ్గర ఉన్న వ్యవధి మాత్రం గంటలు కాదు, సెకనులో కొద్ది వంతులు.

జాప్యం ఎక్కడ పుడుతుంది?

పూర్వపు విమానాలలో నియంత్రణ దండానికీ, రెక్కల అంచులనున్న ఫలకాలకూ మధ్య ఉక్కుతీగలూ కప్పీలూ ఉండేవి. చేయి కదిలిన క్షణానే తీగ కదిలేది. తీగ బిగువు ద్వారా గాలి ఒత్తిడి చేతికి తెలిసేది కూడా. వేగాలు పెరిగి, విమానాలు జటిలమైన కొలదీ ఆ తీగల స్థానంలో కంప్యూటర్ వచ్చి కూర్చున్నది. ఈ ఏర్పాటుకే ఫ్లై-బై-వైర్ అని పేరు. ఇందులో వైమానికుడు దండాన్ని కదిపితే అది ఆజ్ఞ కాదు, విన్నపం. కంప్యూటర్ ఆ విన్నపాన్ని చదివి, విమానపు వేగాన్నీ వాలునూ కొలిచే పరికరాలను సంప్రదించి, లెక్క కట్టి, ఏ ఫలకం ఎంత కదలాలో ఉత్తరువు ఇస్తుంది.

ఇందులో ప్రతి మెట్టుకూ కొంత కాలం ఖర్చవుతుంది. కంప్యూటర్ నిరంతరంగా చూడదు. సెకనుకు ఇన్నిసార్లని విడివిడిగా చూస్తుంది. రెండు చూపుల నడుమ జరిగినది దానికి తరువాతి చూపులోగాని తెలియదు. కొలత పరికరాల నుంచి వచ్చే అనవసరపు కంపనాలను వడకట్టే జల్లెడలు మరికొంత కాలాన్ని మింగుతాయి. లెక్క పూర్తికావడానికి కొంత, ఫలకాన్ని తోసే ద్రవయంత్రం కదలడానికి కొంత పడుతుంది. విడివిడిగా చూస్తే ఇవి మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యవ వంతులు. అన్నీ కూడితే పావు సెకను. ప్రభుత్వ కార్యాలయంలో దస్త్రం ప్రతి బల్ల మీదా ఒక్కరోజే ఆగినా, పది బల్లలు దాటేసరికి పదిరోజులైనట్లే ఇదీ.

షటిల్ నౌకకు మరొక చిక్కు కూడా ఉండేది. దానికి తోక రెక్క లేదు; ముక్కును పైకెత్తాలంటే ప్రధాన రెక్కల వెనుక అంచులనే పైకి మడవాలి. అలా మడిచిన మొదటి క్షణంలో నౌక పైకి లేవకపోగా కొంచెం కిందికి దిగుతుంది. పైగా వైమానికుని ఆసనం ఉన్న చోట ఎత్తులోని మార్పు తెలియడానికి సుమారు అర సెకను పడుతుంది. నేల కొద్ది అడుగులలో ఉండగా అర సెకను సేపు ఏమీ తెలియకుండా కూర్చోవడం ఎంతటి ధీరునికైనా కష్టమే.

ఈ రహస్యాన్ని నిర్ధారించడానికి అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, ఎడ్వర్డ్స్‌లోనే తన దగ్గరున్న ఎఫ్-8 అనే పాత యుద్ధవిమానాన్ని ఉపయోగించింది. కంప్యూటర్ ద్వారానే నడిచేటట్లు మార్చిన ఆ విమానం 1972 మే 25న తొలిసారి ఎగిరింది. అప్పుడు దానిలో అమర్చినది చంద్రయాత్రకు వాడిన అపోలో కంప్యూటరే. తరువాతి దశలో షటిల్‌లో వాడిన రకం కంప్యూటర్లను అమర్చారు. ఇప్పుడు పరిశోధకులు బుద్ధిపూర్వకంగా కంప్యూటర్‌లో కృత్రిమ జాప్యాన్ని చేర్చి, దానిని మెట్టు మెట్టుగా పెంచుతూ వైమానికులచేత నేలకు దింపించసాగారు.

1978 ఏప్రిల్ 18న జాన్ మాంకే అనే అనుభవశాలి వంతు వచ్చింది. అదనంగా చేర్చిన జాప్యం సెకనులో పదవ వంతు మాత్రమే. ఆయన చక్రాలను నేలకు ఆనించి, మళ్ళీ పైకి లేపుతుండగా విమానపు ముక్కు ఒక్కసారిగా కిందికీ మీదికీ ఊగసాగింది. ప్రతి ఊపూ ముందుదానికన్న పెద్దది. నేలకు అతి సమీపాన కొద్ది సెకన్లపాటు సాగిన ఆ నాట్యం తరువాత విమానం ఎత్తుకు చేరి నిలదొక్కుకొన్నది. మాంకే క్షేమంగా దిగాడు. సులభమైన పనులలో వైమానికులు గమనించనైనా గమనించని జాప్యం, గురి చూసి దింపవలసిన పనిలో కొండ అంచువంటిదని ఆ పరీక్షలు తేల్చిచెప్పాయి. అంచువరకు నేల చదునుగానే ఉంటుంది. ఒక్క అడుగు దాటితే లోయ.

1980లో అమెరికా సైనికశాఖ సవరించిన విమాన ప్రమాణాలలో ఈ అనుభవసారం అంకెలలోకి ఎక్కింది. ఉత్తమశ్రేణి విమానంలో దండం కదలికకూ విమానపు ప్రతిస్పందనకూ మధ్య జాప్యం సెకనులో పదవ వంతు దాటరాదు. ఐదవ వంతుకు చేరితే రెండవ శ్రేణి. పావు సెకను అంటే చివరి మెట్టు. షటిల్ కంప్యూటర్‌లో కూడా ఒక ఉపాయం చేర్చారు. వైమానికుడు దండాన్ని అతి వేగంగా అటూ ఇటూ కదపసాగితే, కంప్యూటర్ ఆ విన్నపాల బలాన్ని తనంతట తానే తగ్గిస్తుంది. ఎడ్వర్డ్స్‌లో హేజ్ పట్టు సడలించి చేసిన పనినే ఆ ఏర్పాటు చేస్తుంది. 1981 ఏప్రిల్ 14న 'కొలంబియా' అంతరిక్షం నుంచి తిరిగివచ్చి అదే ఎడ్వర్డ్స్‌లో సుఖంగా దిగింది.

నింద ఎవరిది?

పాఠం తెలిసినంతమాత్రాన ప్రమాదాలు ఆగలేదు. స్వీడన్‌లో తయారైన గ్రిపెన్ యుద్ధవిమానపు మొదటి నమూనా, 1989 ఫిబ్రవరి 2న తన ఆరవ ప్రయాణంలో, గాలులు వీస్తుండగా దిగబోతూ ఊగిసలాడి నేలమీద పల్టీలు కొట్టింది. వైమానికుడు లార్స్ రాడెస్ట్రోమ్ ప్రాణాలతో బయటపడ్డాడు. నియంత్రణ కార్యక్రమాన్ని సవరించారు. 1993 ఆగస్టు 8న స్టాక్‌హోమ్ నగరంలో నీటి ఉత్సవం జరుగుతుండగా, వేలాది ప్రేక్షకుల ఎదుట, అదే రాడెస్ట్రోమ్ నడుపుతున్న మరొక గ్రిపెన్ అదుపు తప్పింది. ఆయన ఆసనంతో సహా బయటికి ఎగిరి గొడుగుతో దిగాడు. విమానం నగరం నడుమనున్న ఒక ద్వీపంలో, జనం లేని చోట కూలింది. ఎవరూ మరణించకపోవడం అదృష్టమే.

ఈసారి కంప్యూటర్ లెక్క ఆలస్యం కాలేదు. దండాన్ని వైమానికుడు ఎంత వేగంగా కదిపాడో అంత వేగంగా ఫలకాలు కదలలేకపోయాయి. ప్రతి యంత్రానికీ ఒక గరిష్ఠ వేగముంటుంది. దానికి మించి అడిగితే, ఫలకం ఒక ఆజ్ఞను నెరవేర్చడం పూర్తికాకముందే దానికి విరుద్ధమైన రెండవ ఆజ్ఞ వస్తుంది. ఫలకం ఎప్పుడూ ఒక అడుగు వెనుకనే ఉండిపోతుంది. మామూలు వేళల లేని జాప్యం, అత్యవసర వేళ అకస్మాత్తుగా పుట్టుకొస్తుంది. మందుగానే కొలిచి పట్టుకోవడానికి వీలులేని ఈ జాప్యం మొదటిదానికన్న ప్రమాదకరం.

ఈ ఊగిసలాటకు ఇంజనీర్లు చిరకాలంగా 'పైలట్ పుట్టించిన డోలనం' అన్న పేరు పెట్టి వాడుతూ వచ్చారు. పేరులోనే తీర్పు ఉన్నది చూడండి. కాని పైలట్ చేసిన పాపమేమిటి? విమానం అతనికి చూపినదానిని బట్టి, ఎవరైనా చేయవలసిన సవరణనే అతడు చేశాడు. అతనికి అందిన వార్త పాతది; అతడు ఇచ్చిన ఆజ్ఞ నెరవేరినది ఆలస్యంగా. 1997లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి ఈ విషయమై ప్రకటించిన నివేదిక ఆ పేరును పక్కకు పెట్టి, 'విమానం - పైలట్ ముడి' అన్న అర్థమిచ్చే పేరును ముందుకు తెచ్చింది. దోషం మనిషిలో లేదు, యంత్రంలో లేదు, ఆ ఇద్దరినీ జతకట్టిన తీరులో ఉన్నదని దాని భావం. ఇది కేవలం మాటల మార్పు కాదు. నింద పైలట్ మీద ఉన్నంతకాలం మందు శిక్షణ మాత్రమే. నింద ముడి మీదికి మారినప్పుడు మందు నిర్మాణంలోనే వెదకవలసి వస్తుంది.

బెంగుళూరులో ఒక సాహసం

ఈ ప్రమాదాలన్నీ లోకానికి తెలిసిన రోజులలోనే మన దేశం ఒక గట్టి సాహసానికి పూనుకొన్నది. 1983లో తేలికరకం యుద్ధవిమాన నిర్మాణానికి ప్రభుత్వం అనుమతించింది. 1984లో బెంగుళూరులో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ ఏర్పడింది. ఆ కార్యక్రమానికి సారథ్యం వహించినవాడు కోట హరినారాయణ. తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న బరంపురంలో 1943లో జన్మించిన ఆయన, తరువాతి కాలంలో హైదరాబాదు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా కూడా పనిచేశారు.

ఈనాడు తేజస్ అని పిలుస్తున్న ఆ విమానం పుట్టుకతోనే అస్థిరమైనది. చురుకుగా మలుపు తిరగడానికి బుద్ధిపూర్వకంగా అట్లా రూపొందించారు. అరచేతిలో కర్రను నిలబెట్టి ఆడే కుర్రవాణ్ణి తలచుకోండి. చేయి క్షణక్షణం కదులుతుంటేనే కర్ర నిలుస్తుంది. పొడుగు కర్రను నిలబెట్టడం తేలిక. పెన్సిలును నిలబెట్టడం అసాధ్యం. కారణం, పెన్సిలు పడిపోయే వేగం మన చేతి జాప్యాన్ని మించినది. అస్థిర విమానం పెన్సిలు వంటిది. దానిని మనిషి చేయి నిలపలేదు, కంప్యూటరే నిలపాలి. కంప్యూటర్ తడబడితే విమానం లేదు. అందుకే తేజస్‌లో నియంత్రణకు నాలుగు సమాంతర మార్గాలను అమర్చారు. ఒకటి చెడినా మిగిలినవి పని నడిపిస్తాయి.

ఆ కంప్యూటర్ అనుసరించవలసిన నియమాలను వ్రాయడానికి 1992లో నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్‌లో జాతీయ బృందం ఒకటి ఏర్పాటయింది. ఆ బృందం ఎదుట ఉన్న ప్రశ్న మనం ఇంతవరకు చెప్పుకొన్నదే. విమానాన్ని నిలబెట్టే లెక్కలు ఎంత జాగ్రత్తగా కడితే అంత కాలం ఖర్చు. కాలం ఖర్చయిన కొద్దీ వైమానికుని చేతికి ఊగిసలాట ముప్పు. ఈ రెంటి నడుమ దారి వెదకాలి. కాగితం మీది లెక్క సరిపోదు. 'ఇనుప పక్షి' అని పేరుపెట్టిన నమూనాపై అసలు ఫలకాలనూ ద్రవయంత్రాలనూ అమర్చి నేలమీదనే ఎగిరించి చూశారు. 1996లో, ఇతర విమానాల ప్రవర్తనను అనుకరించడానికి అమెరికాలో ప్రత్యేకంగా మలచిన ఎఫ్-16 విమానంలో మన నియమాలను ఎక్కించి, ఆకాశంలో పరీక్షించారు. ఇంకా పుట్టని విమానాన్ని మరొక విమానం శరీరంలో ప్రవేశపెట్టి నడిపి చూడడమన్నమాట. పరకాయప్రవేశం మన కథలలో ఉన్నదే!

1998 మేలో పోఖ్రాన్ అణుపరీక్షల తరువాత అమెరికా విధించిన ఆంక్షలతో అక్కడి సంస్థల సహకారం ఆగిపోయింది. మిగిలిన భారమంతా బెంగుళూరు బృందమే మోయవలసి వచ్చింది. 2001 జనవరి 4న వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ ఆ విమానాన్ని బెంగుళూరు ఆకాశంలోకి లేపి, 18 నిమిషాల తరువాత నేలకు దించాడు. ఆ 18 నిమిషాల వెనుక పదిహేను సంవత్సరాలకు పైబడిన శ్రమ ఉన్నది. 2020 జనవరి 11న దాని నౌకాదళ రూపం, కొమడోర్ జైదీప్ మావ్లంకర్ చేతిలో, 'విక్రమాదిత్య' విమానవాహక నౌక మీద తొలిసారి దిగింది. ఊగే ఓడమీద, కొద్ది గజాల చోటులో, అడ్డంగా కట్టిన ఉక్కుతాడును కొక్కేనికి తగిలించి ఆగడమంటే, వైమానికుని పట్టు అతిగా బిగిసే పరీక్ష అది. జాప్యమనే లోపం దాగి ఉంటే అటువంటి చోటనే బయటపడి ఉండేది.

జయించరాని జాప్యం

సెకనులో వంతులను ఇంజనీర్లు కొంతవరకు తగ్గించగలరు. కాని ఒకచోట వారి చేతులు పూర్తిగా కట్టుబడిపోతాయి. చంద్రుడు మనకు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. కాంతితో సమానమైన వేగంతో పోయే రేడియో సంకేతానికి అంత దూరం పోవడానికి సుమారు 1.3 సెకన్లు, తిరిగిరావడానికి మరో 1.3 సెకన్లు పడుతుంది. ఈ జాప్యాన్ని ఏ కంప్యూటరూ తగ్గించలేదు.

1970 నవంబరులో సోవియట్ యూనియన్ చంద్రునిపై దింపిన లూనోఖోద్ అనే చక్రాల బండిని భూమి మీద కూర్చున్న బృందం నడిపింది. సంకేతపు జాప్యానికి తోడు, బండి పంపే చిత్రాలు కూడా ఒకదాని తరువాత ఒకటిగా, కొన్ని సెకన్ల ఎడంతో వచ్చేవి. వారు చూస్తున్న గొయ్యి, బండి అంతకుముందే దాటిన గొయ్యి కావచ్చును. అందుకే వారు కొంచెం నడిపి, ఆగి, చూసి, మళ్ళీ నడిపేవారు. నెమ్మదిగా పోయే బండికి ఆ పద్ధతి చెల్లింది. చంద్రునిపై దిగుతున్న నౌకకు ఆగి చూసే అవకాశం లేదు. అందువల్లనే 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3 నౌక, ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతంలో దిగేటప్పుడు, చివరి 19 నిమిషాలూ తన నిర్ణయాలు తానే తీసుకొన్నది. బెంగుళూరు కేంద్రంలో శాస్త్రవేత్తలు ఊపిరి బిగపట్టి చూస్తూ కూర్చున్నారే గాని, దండం పట్టుకొనలేదు. అప్పుడు భూమి మీది నుంచి దిద్దబోవడం సహాయం కాదు, అపకారమే అయ్యేది.

ఈ ఉదంతాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు మార్గాలు తేలుతున్నాయి. జాప్యాన్ని తగ్గించగలిగితే తగ్గించాలి. తగ్గించలేకపోతే, ఉకాయి హెచ్చరిక వ్యవస్థ వలె, దానిని లెక్కలో వేసుకొని ముందుకు చూడాలి. అదీ సాధ్యం కాకపోతే, చంద్రయాన్‌లో వలె, నిర్ణయాధికారాన్ని పని జరిగే చోటికే పంపివేయాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటీ ఆపద ముంచుకొచ్చిన తరువాత చేయగలిగినది కాదు. నిర్మాణ సమయంలో, గీతబల్ల ముందు తీరికగా కూర్చున్నప్పుడే చేయవలసినవి.

ఆ క్షణంలో వైమానికునికి మిగిలేది ఒక్క ఉపాయమే. ఊపు పెరుగుతున్నప్పుడు పట్టు బిగించకుండా, సడలించడం. నేల ఎదురుగా దూసుకొస్తుండగా చేతిని వెనుకకు తీసుకొనడం మనిషి స్వభావానికి విరుద్ధం. అందుకు అసాధారణమైన నిగ్రహం కావాలి. ఫ్రెడ్ హేజ్‌కు ఆ నిగ్రహం ఉన్నది కాబట్టి ఆనాడు నౌక నిలిచింది. అయితే అంతటి నిగ్రహం అవసరం రాని యంత్రాన్ని అతని చేతికి ఇవ్వడమే నిర్మాతల ధర్మం.